32 రూపాయల పప్పు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మేము ముందు ఒప్పుకోలేదు. మా ముగ్గురిలో రాసే అలవాటున్నవాడు ఎవడూ లేడు. ఒకడు బడిపంతులు, ఒకడు బ్యాంకులో క్లర్కు, ఇంకొకడు మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. కానీ ఈ హాస్టల్‌కు మేము ఒక లెక్క బాకీ ఉన్నాం. 2004 డిసెంబరులో జనరల్ బాడీ మీటింగ్‌లో 110 మంది ముందు మమ్మల్ని నిలబెట్టి ఒక ప్రశ్న అడిగారు. ఆ రోజు మేము జవాబు చెప్పలేదు. ఈ సంచిక పాత విద్యార్థులకు కూడా పంపుతున్నారని తెలిసి, ఆ జవాబు రాయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాం.

ఇప్పటి తమ్ముళ్ల కోసం అప్పటి సంగతి కొంత చెప్పాలి. మేము 2003లో నల్లగొండ ఎన్.జి. కాలేజీలో డిగ్రీలో చేరాం. మాది విద్యార్థులే మెస్ నడుపుకునే కాలేజీ హాస్టల్. మెస్ కమిటీ, మెస్ సెక్రటరీ, నెలనెలా మారే ఇద్దరు మేనేజర్లు అందరూ విద్యార్థులే. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు అందులోంచి మెస్ బిల్లు పట్టుకునేవారు. బిల్లు స్కాలర్‌షిప్‌ను దాటితే మిగతాది మనం చేతినుంచి కట్టాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న కాలంలో మొదలైంది. అది లేకపోతే మాలో ఒక్కడు కూడా డిగ్రీ గడప తొక్కేవాడు కాదు. ఆ మాట ఒప్పుకుంటూనే ఇంకో మాట కూడా చెప్పాలి. అది ఎప్పుడూ వేళకు రాలేదు. జూన్‌లో చేరితే డబ్బు ముఖం చూసేసరికి ఉగాది దగ్గరికొచ్చేది. అప్పుడు ఆన్‌లైన్ దరఖాస్తులు లేవు. కాగితాలు ఈ టేబుల్ మీద నుంచి ఆ టేబుల్ మీదికి నడిచి వెళ్లాలి. కడుపు మాత్రం రోజుకు మూడుసార్లు అడుగుతుంది.

ఈ మధ్యలో మాకు తిండి పెట్టింది ఒక కిరాణా కొట్టు. బియ్యం సివిల్ సప్లయిస్ నుంచి వచ్చేవి. పప్పు, నూనె, చింతపండు, కారం, చక్కెర, చాయ్‌పత్తా అన్నీ ప్రకాశం బజార్ పక్క సందులో ఉన్న సేటు దగ్గర ఉద్దెర. సేటు పేరు, కొట్టు పేరు ఇక్కడ రాయం. కారణం చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. సెక్రటరీ చీటీ రాసి పంపితే శనివారం సాయంత్రం రిక్షాలో సామాను హాస్టల్‌కు వచ్చేది. సేటు ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు కొట్టేసేవాడు.

2004 సెప్టెంబరులో ఆ సేటే కబురు పెట్టాడు. బతుకమ్మ, దసరా దగ్గర పడుతున్నాయి, పనివాడు ఒకడు మానేశాడు, సాయంత్రం పూట ఇద్దరు పిల్లలు కావాలి. రోజుకు 25 రూపాయలు. మేము ముగ్గురం వంతులు వేసుకున్నాం. ఒకడు హాస్టల్‌లో ఉండి నోట్సు రాస్తాడు, ఇద్దరు కొట్టుకు వెళ్తారు. సాయంత్రం 5 నుంచి రాత్రి 8:30 దాకా. స్టడీ అవర్ పోయేది. దానికి వార్డెన్ సారును బతిమాలుకున్నాం.

కొట్టు పని బయటినుంచి చూస్తే ఏముంది, అడిగింది ఇవ్వడమే కదా అనిపిస్తుంది. లోపలికి పోతే తెలుస్తుంది. పొట్లం కట్టడం నేర్చుకోవడానికే మాకు వారం పట్టింది. పాత పేపరును చేతిలో తిప్పి సంకటం చుట్టి, కింద మొన విరిచి, పప్పు పోసి, పైన మడతలు లోపలికి దోపి, పురికొస రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపాలి. దారం తెంపితే వేలు కోసుకుపోతుంది. మొదట్లో మేము కట్టిన పొట్లం గిరాకీ సంచిలో పడ్డాక విప్పుకునేది. పల్లెల నుంచి వచ్చే ముసలమ్మలు 'పావుశేరు' అని అడిగేవాళ్లు. శేర్లు పోయి నలభై ఏళ్లు దాటినా నోట్లోంచి పోలేదు. పావుశేరు అంటే పావుకిలో రాయి వేయాలని రెండో రోజు తెలిసింది. పండుగ ముందు నువ్వులు, పల్లీలు, బెల్లం కట్టీ కట్టీ చేతులు జిగురు పట్టేవి. హాస్టల్‌కు వచ్చి సబ్బుతో రుద్దినా బెల్లం వాసన పోయేది కాదు. పక్క మంచం వాడికి ఆకలేసేది.

తూకం నేర్పింది గుమాస్తా. ఆయన ఆ కొట్టులోనే ముసలివాడైనవాడు. ఇనుప రాళ్లు ఆరు మూలలుగా ఉంటాయి కదా, వాటి అడుగున ఒక గుంటలో సీసం పోసి ఉంటుంది. తూనికలు కొలతల శాఖ వాళ్లు ఆ సీసం మీద ముద్ర కొడతారు. రాయి తిప్పి ఆ ముద్ర చూడందే కొత్త రాయి వాడొద్దనేవాడు ఆయన. పొద్దున కొట్టు తెరవగానే ఖాళీ తక్కెడ ఎత్తి రెండు పళ్లేలూ సమంగా నిలుస్తున్నాయా అని చూసేవాడు. దాన్ని పాసంగం చూడటం అంటారు. గిరాకీకి తూచేటప్పుడు పప్పు పళ్లెం కొంచెం కిందికి వంగాలి. 'చూసేటోని కండ్లకు మొగ్గు కనవడాలె' అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా దాటలేం. మేము చిన్నప్పుడు మా ఊళ్లల్లో కొట్టు అంటే అరుగు కింద నిలబడి అడగడం. మా అమ్మలు డబ్బులు అరుగు మీద పెడితే సామాను కూడా అరుగు మీదే పెట్టేవారు. అలాంటి ఇళ్ల పిల్లలం గల్లా పెట్టె పక్కన, బియ్యం బస్తాల నడుమ నిలబడి జనానికి తూచి ఇస్తున్నాం. ఆ సంతోషం చిన్నది కాదు. అయితే మంచినీళ్లకు మాత్రం పెరట్లోని బోరు దగ్గరికే వెళ్లేవాళ్లం. లోపల బిందె ఉండేది, దాని మీద స్టీలు గ్లాసు ఉండేది. ఆ గ్లాసు ముట్టొద్దని ఎవరూ మాతో అనలేదు. ముట్టుకుంటామని మేమూ అడగలేదు. గుమాస్తా తాగేవాడు.

అసలు విషయానికి వస్తాం. శనివారం హాస్టల్ సామాను కట్టేటప్పుడు మమ్మల్ని ఎప్పుడూ ముందు కొట్టులో ఉంచేవారు. గుమాస్తా ఒక్కడే వెనక గోదాములో కట్టేవాడు. మేము దాని గురించి ఆలోచించలేదు. దసరా అయిన తర్వాతి శనివారం గుమాస్తా బిడ్డ ఇంటికి వెళ్లాడు. సేటు మమ్మల్నే కట్టమన్నాడు. కందిపప్పు నంబర్ వన్ బస్తా విప్పబోతే, గల్లా మీద నుంచి లేవకుండానే అన్నాడు.

"అది గాదు. ఆ మూలకున్నది తియ్యి. సంచితోనే తూకమెయ్యి."

మూలకున్నది రెండో రకం పప్పు. సగం నూకలు, మధ్యలో పొట్టు, అక్కడక్కడ పుచ్చు. హోటళ్లకు కిలో 27కు ఇచ్చేది. మా మెస్ రిజిస్టర్‌లో మాత్రం నంబర్ వన్ ధర, 30 రూపాయలు పడుతోంది. ఇక సంచితో తూచడం అంటే ఏమిటో తూచాక అర్థమైంది. 25 కిలోల సంచిలో గోనె బరువే అరకిలో దాటుతుంది. కాటా ముల్లు నిలబడకముందే సంచి దించేస్తే ఇంకొంత పోతుంది. మేము సేటు చూడనప్పుడు గోనె విడిగా తూచి, పప్పు విడిగా తూచాం. 24 కిలోలు.

ఆ పప్పు మా పప్పే. మరుసటి రోజు పొద్దున మా కంచాల్లో పడేదే. పప్పు నీళ్లలా ఉంటోందని వంట తాతను మేమే ఎన్నిసార్లు తిట్టామో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ రాత్రి రిక్షా వెనకే నడుచుకుంటూ హాస్టల్‌కు వచ్చాం. దారి పొడవునా ఎవరం మాట్లాడుకోలేదు.

మాలో బి.కాం. వాడు నోట్ పుస్తకం తీశాడు. ప్రతి వారం అదే జరిగిందనుకుంటే జూలై నుంచి అక్టోబరు దాకా 17 వారాలు. వారానికి 50 కిలోల పప్పులో 2 కిలోలు తక్కువ, అంటే 17 వారాలకు 1,020 రూపాయలు. చక్కెర, చింతపండు తరుగు కలిపితే 1,300 పైన. రకం మార్చడంలో కిలోకు 3 రూపాయల చొప్పున 2,550. మొత్తం 3,860 రూపాయల దగ్గర తేలింది. పొద్దున్నే మెస్‌లో అందరి ముందు చెప్పేయాలని ఇద్దరం లేచాం. బి.కాం. వాడు కూర్చోమన్నాడు. పుస్తకంలో పక్క పేజీ తిప్పి ఇంకో లెక్క వేశాడు. నెలకు ఉద్దెర సుమారు 16,500. నాలుగు నెలల్లో మేము ఒక్క పైసా కట్టలేదు. జూలై బాకీ మూడు నెలలు ఆగింది, ఆగస్టుది రెండు, సెప్టెంబరుది ఒకటి. బయట నూటికి రెండు రూపాయల మిత్తి. లెక్కేస్తే 1,980.

అంటే సేటు దోచుకున్నదాంట్లో సగం పైగా మిత్తే. మిగతాదే దోపిడీ. ఈ సగం సగం లెక్క మమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టింది. మొత్తం దోపిడీ అయి ఉంటే మా పని సులువయ్యేది.

సోమవారం కొట్టు మూసే వేళకు ముగ్గురం వెళ్లాం. పుస్తకం తెరిచి ముందు పెట్టాం. సేటు మొదట కోపం చేశాడు. "నాలుగు నెలల సంది మీకు పప్పు ఎవడు పెడుతున్నడు? మీ సర్కారా, నేనా? గంజిల నేను సరుకు తెస్తే వారం దినాలకు పైసలు కట్టాలె. నాకు ఎవడన్న ఉద్దెర ఇస్తడా?" అన్నాడు. మేము అరవలేదు. రెండో పేజీ చూపించాం. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఆ పేజీ చాలాసేపు చూశాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయని ఆయనకు మా కంటే బాగా తెలుసు.

"మిత్తి కావాలె అని అడిగితే ఇస్తరా బిడ్డా? మీ రిజిస్టర్ల మిత్తి అని రాసుకునే జాగ ఉన్నదా?" అన్నాడు.

లేదు. అది నిజం. మెస్ రిజిస్టర్‌లో పప్పుకు గడి ఉంది, ఉప్పుకు గడి ఉంది, సర్కారు ఆలస్యానికి గడి లేదు.

గంటసేపు మాట్లాడాక తేలిందిది. పాత తరుగు మేము అడగం, పాత మిత్తి ఆయన అడగడు. నవంబరు నుంచి నంబర్ వన్ పప్పు, గోనె తీసేసి నిండు తూకం, ధర కిలో 32. ఎక్కువ పడే ఆ 2 రూపాయలే ఉద్దెరకు మిత్తి. తూకం మేమే వేస్తాం. ఒకటే షరతు, ఈ ముచ్చట బజారులో పడొద్దు. పడితే ఉద్దెర బందు. మేము ఒప్పుకున్నాం. మెస్ సెక్రటరీకి ఒక్కడికే చెప్పాం. అతనూ కొంచెం ఆలోచించి సరే అన్నాడు.

అలా ఒప్పుకోవడం సరైందేనా అని మేము ఇప్పటికీ కలిసినప్పుడల్లా కొట్లాడుకుంటాం. బడిపంతులు అది తప్పే అంటాడు, దొంగతనాన్ని దాచిపెట్టామంటాడు. మిల్లువాడు మాత్రం నూటపది కంచాలు ఆగిపోతే నీ నీతిని ఏం చేసుకుని తినేవాళ్లం అంటాడు. బ్యాంకువాడు మిత్తికి గడి లేని రిజిస్టర్‌దే తప్పు అని తేల్చేస్తాడు.

డిసెంబరులో జనరల్ బాడీ. ప్రశ్న అడిగింది బి.ఎస్సీ. ఫైనలియర్ అన్న. పేరు రాయం, చదివితే ఆయనకే తెలుస్తుంది. మొదటి సంవత్సరంలో మాకు లెక్కలు చెప్పినవాడు, ఎవరికి జ్వరమొచ్చినా ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు, ఎవరి దగ్గరా ఒక చాయ్ కూడా ఊరికే తాగనివాడు. బజారులో నాలుగు కొట్లు తిరిగి ధరలు చీటీ మీద రాసుకొచ్చాడు.

"బయట 30 ఉన్న పప్పు మనకు 32 ఎట్లా పడుతోంది? అదే కొట్టులో మన వాళ్లు ముగ్గురు పని చేస్తున్నారు. కమిషన్ ఎంతో చెప్పమనండి."

ఆ ప్రశ్న సరైన ప్రశ్న. ఆయన చోట మేముంటే మేమూ అదే అడిగేవాళ్లం. ఎవరో వెనకనుంచి, దీపావళికి వీళ్లు కొట్టు నుంచి చక్కెర సంచులు తెచ్చుకున్నారని కూడా అరిచారు. అదీ నిజమే. మంచి పప్పు తెస్తున్నాం అని మాత్రం అన్నాం. ఎవరూ వినలేదు. సెక్రటరీ తలవంచుకుని నిలబడ్డాడు. మాలో ఒకడికి ఏడుపొచ్చి మొత్తం చెప్పేయబోతే మేమిద్దరం చెయ్యి పట్టుకుని ఆపాం. స్కాలర్‌షిప్ ఇంకా రాలేదు. మరుసటి శనివారం సామాను రాకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. మాలో ఒకడు మెస్ కమిటీలో ఉన్నాడు, అప్పటికప్పుడు రాజీనామా కాగితం రాసిచ్చాడు. అది చూసి, తప్పు చేశారు కాబట్టే రాజీనామా ఇచ్చారన్నారు.

ఆ తర్వాత ఆ అన్న మాతో మాట్లాడలేదు. మెస్‌లో మేము కూర్చున్న వరసలో కూర్చునేవాడు కాదు. 2005లో డిగ్రీ అయిపోయి వెళ్లేటప్పుడు అందరి ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో రాశాడు, మా పుస్తకాలు పక్కన పెట్టేశాడు. వంట తాత ఒక్కడే ఒకరోజు పొయ్యి దగ్గర అన్నాడు, "ఏందిరా, ఈ నడుమ పప్పు మంచిగ ఉడుకుతాంది, ఏడు దినాలకు వచ్చేది ఎనిమిదో దినం దాక వస్తాంది" అని. మీటింగ్‌లో ఆ మాట చెప్పమని ఆయన్ను అడగాలని మాకు తోచలేదు. తోచినా అడిగేవాళ్లం కాదేమో.

స్కాలర్‌షిప్ మార్చిలో వచ్చింది. సెక్రటరీతో కలిసి వెళ్లి బాకీ కట్టాం. సేటు ఎర్ర పుస్తకంలో పేజీ మీద అడ్డంగా గీత గీశాడు. ఏప్రిల్ 1 నుంచి వ్యాట్ వస్తుందని ఆయన అప్పటికే వేరే దిగులులో ఉన్నాడు. ఎండాకాలంలో ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు, తక్కెడ అటక ఎక్కింది. మేము పరీక్షల ముందు పని మానేశాం. చివరి రోజు కూలి చేతిలో పెట్టి, లోపలి బిందెలో నీళ్లు తాగి పోండిరా అన్నాడు. ఒకడు తాగాడు. ఇద్దరం తాగలేదు.

అన్నా, ఈ సంచిక నీ చేతికి వస్తే, నువ్వు అడిగిన లెక్క ఇది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 17 వారాలు, వారానికి 50 కిలోలు, కిలోకు 2 రూపాయల చొప్పున హాస్టల్ మీద ఎక్కువ పడింది 1,700 రూపాయలు. అది సేటుకు పోయింది. పాత పద్ధతిలో ఉండి ఉంటే అంతే కాలానికి 3,860 పోయేది. మాకు వచ్చింది కూలి, వెళ్లిన రోజుకు 25 రూపాయలు, అందులో చాలావరకు మా మెస్ బాకీకే జమ అయింది. రిజిస్టర్ ఇంకా హాస్టల్‌లో ఉంటే అందులో కనిపిస్తుంది. దీపావళికి సేటు పనివాళ్లందరికీ కిలో చక్కెర ఇచ్చాడు, మేమూ తీసుకున్నాం, ఇళ్లకు పట్టుకెళ్లాం. ఒప్పందం అయిన పది రోజులకే కాబట్టి తీసుకోకుండా ఉండాల్సింది. మూడు కిలోలు, అప్పటి ధరకు 54 రూపాయలు. కమిషన్ అని నువ్వు రాసుకోదలిస్తే అంతే రాసుకో. లెక్కలో తప్పుంటే సంపాదకుల చిరునామాకు రాయి, ముగ్గురం చూస్తాం.

— 2003-06 బ్యాచ్, ముగ్గురు పాత విద్యార్థులు